భవాని నోకీ, నా కుళ్ళు

ముందే ఒప్పేసుకుంటున్నాను. గంగాభవాని అంటే నాకు కుళ్ళు. రేపు ఎవరో వచ్చి "తోటికోడలు కదా, అలాగే చెప్తుంది" అనేకంటే నేనే చెప్పేస్తే ఆ ముచ్చట తీరిపోతుంది. అయినా దాని గురించి చోడవరంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కుళ్ళుకునేవాళ్ళు చూసినంత శ్రద్ధగా కన్నతల్లి కూడా చూడదు. అది ఏ పూట ఏం వండిందో, ఎవరు మెచ్చుకున్నారో, మెచ్చుకుంటే తల ఎటు వంచిందో, అన్నీ నాకు గుర్తే.

నా పేరు కనకమహాలక్ష్మి. అందరూ కనకం అంటారు. మా ఆయన పెదబాబు ఈ ఇంటికి పెద్దకొడుకు. చిన్నవాడు హరిబాబు, వాడి పెళ్ళాం భవాని. ఒకటే డాబా. ముందు వాటా మాది, వెనక వాటా వాళ్ళది, నడిమి గది మా అత్త అచ్చియ్యమ్మది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ కంచం మాత్రం నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మా వాటాలోనే. ఇరవై ఏడేళ్ళుగా రెండు పూటలా నా చేతి కూడు తిని, ఒక్కనాడు కూడా బాగుందని అనలేదు. బాగులేదనీ అనలేదు. తినేసి చెయ్యి కడుక్కునేది.

భవానిది రావికమతం పక్క పల్లె. ముగ్గురు ఆడపిల్లల్లో ఆఖరిది. పదో తరగతి తప్పి, పెళ్ళి చేసుకుని వచ్చింది. అన్నం వార్చడం కూడా రాదు. ఒకనాడు గంజితో పాటు సగం అన్నం దొడ్లో ఒలకబోసి ఏడుస్తూ నిలబడితే, నేనే మళ్ళీ ఎసరు పెట్టి, ఆ మెతుకులన్నీ అత్త కంట పడకుండా గేదె కుడితిలో కలిపేశాను. ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, పులుసు ఎప్పుడు దించాలో, రొయ్య తెగిపోకుండా నరం ఎలా లాగాలో, అన్నీ నా దగ్గరే నేర్చుకుంది. ఆ రోజుల్లో నాకు కుళ్ళు లేదు. కుళ్ళుకోడానికి దాని దగ్గర ఏముందని?

తర్వాత హరిబాబుకి విశాఖపట్నంలో కాంట్రాక్టు పని దొరికి కాపురం అక్కడికి మార్చారు. భవాని బీచ్ రోడ్డులో ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది. ఒకరోజు రొయ్యలు వొలిచే మనిషి రాకపోతే దీన్ని కూర్చోబెట్టారట. అక్కడి పెద్ద వంటాయన శ్యాంప్రసాద్ దీని చేతి వాటం చూసి, "ఎవరమ్మా నేర్పేరు?" అని అడిగాడట. "మా అక్క" అన్నదట. ఈ సంగతి అదే వచ్చి నాకు సంబరంగా చెప్పింది. నేను సంతోషించాలి కదా! నాకేమో, నేర్పింది నేనైతే వంటవాళ్ళ తెల్లకోటు దీనికెందుకు తొడిగారా అనిపించింది.

ఆ హోటల్లో పదకొండేళ్ళు చేసింది. గిన్నెల దగ్గర్నుంచి రొయ్యలకి, రొయ్యల దగ్గర్నుంచి పిండికి వెళ్ళింది. అక్కడ నేర్చిన వంటల్లో ఒకటి నోకీ. ఇటలీ వాళ్ళ వంటట. ఉడికించిన బంగాళదుంపలు మెత్తగా చిదిమి, కాస్త మైదా కలిపి, వేలి కణుపంత ముక్కలు కోసి, గీతలు పడేలా దొర్లించి, మరిగే నీళ్ళలో వేస్తారు. తేలగానే తీసి టమాటా సాసులో కలుపుతారు. పైన రొయ్యలో చేపముక్కలో.

"మన గవ్వలేనక్కా. తియ్యగా ఉండవు, నూనెలో ఏయించరు, అంతే తేడా" అంది.

"అయితే గవ్వలే తిని ఊరుకోక ఇటలీ దాకా ఎందుకే?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు రెండురోజులు సరిపోయింది.

మూడేళ్ళ కిందట హరిబాబుకి నడుం పట్టేసి పని మానేస్తే మళ్ళీ ఇక్కడికి వచ్చేశారు. భవాని కర్రీ పాయింట్ పెట్టింది. ఎక్కడా? నా వాటా వరండాలో! రోడ్డు వైపు ఉన్నది అదే కదా అని అత్త తీర్పు చెప్పింది. సాయంత్రం అయిదయ్యేసరికి బళ్ళు ఆగుతాయి. నా గుమ్మంలో నిలబడి, నన్నే పట్టుకుని, "భవానిగారు లేరాండీ?" అని అడుగుతారు. షుగర్ ఫ్యాక్టరీ డ్యూటీ దిగినవాళ్ళు, చీడికాడ వెళ్ళే మేస్టార్లు, అందరికీ భవాని చేతి కూర కావాలి. నా కూతురు ఇందు కూడా విశాఖపట్నం నుంచి ఫోన్ చేస్తే "అమ్మా, ఏం కూర?" అని అడగదు. "పిన్ని ఏం వండింది?" అంటుంది. కడుపున పుట్టిన పిల్ల!

అయినా నాకు మిగిలినవి రెండున్నాయి. ఒకటి అత్త కంచం. రెండోది గవ్వల చెక్క. అరచెయ్యంత టేకు చెక్క, ఒక వైపు సన్నటి గాడులు. అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చేతులు వణకడం మొదలెట్టాక, "ఇంద, నువ్వు ఉంచు" అని నా ఒళ్ళో పడేసింది. ఆవిడ నాకిచ్చిన వస్తువు అదొక్కటే. నా గవ్వలకి ఎక్కువ తక్కువ ఉండదు. వంద చుడితే వందా ఒక్క సైజులో ఉంటాయి.

ఈ కార్తీకంలో అత్తకి జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు వదల్లేదు. వదిలేసరికి మనిషి సగమైపోయింది. చిగుళ్ళు తగ్గి పళ్ళసెట్టు నిలవడం లేదు. నోరు చచ్చిపోయిందంటుంది, ఏం పెట్టినా మొహం తిప్పేసుకుంటుంది. బలమైన తిండి పెట్టాలి, గుడ్డో చేపో పెట్టండి అన్నాడు డాక్టరు. కార్తీకంలో నీసు ముట్టనని ఈవిడ పంతం. అలా గంజి మీదే నెల ముగిసే పోలి స్వర్గం దాకా ఈడ్చుకొచ్చాం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. జ్వరం నుంచి లేచినవాళ్ళకి పత్యం ముద్ద పెద్దకోడలు పెట్టాలి. అత్త వాళ్ళ అత్త కాలం నుంచీ అంతే. నేను ఆ రోజు కోసం కాచుకుని కూర్చున్నాను. చచ్చిపోయిన నోరు నా చేతి ముద్దకే లేస్తుందని, అప్పుడైనా ఆ ఒక్క మాట అంటుందని నా ఆశ.

కార్తీకం వెళ్ళిన మర్నాడు ఊళ్ళో చేపలకి ఎంత గిరాకీయో చెప్పక్కర్లేదు. పూడిమడక నుంచి ఆటోలో గంప తెచ్చే దేముడమ్మని వీధి మొదట్లోనే ఆపి, నెల తప్పిన కోడలికి తీసినట్టు ఏరి ఏరి రొయ్యలు తీసుకున్నాను. అల్లం, వెల్లుల్లి, ధనియాలు నూరి, నూనె తేలేదాకా ఇగురు పెట్టాను. వీధంతా వాసన. పక్కింటి అప్పలనరసమ్మ గోడ మీంచి తొంగి చూసింది కూడా.

అత్త ఒక రొయ్య నోట్లో వేసుకుని, బుగ్గలో అటూ ఇటూ తిప్పి, తీసి కంచం అంచున పెట్టేసింది.

"నమల్లేకపోతన్నానే. మంట" అని పడుకుంది.

నేను ఆ కంచం తీస్తుంటే భవాని గుమ్మంలో నిలబడి ఉంది. దాని మొహంలో జాలి. జాలి! కొట్టినా ఓర్చుకునేదాన్ని.

"అక్కా, సాయంత్రం నాను కొంచెం నోకీ సేస్తాను. మెత్తగుంటాది, పళ్ళతో పనుండదు. గవ్వల సెక్క ఓసారి ఇస్తావేటి?"

"చెదలు పట్టేసిందే. పారేసేను" అన్నాను.

చెక్క బియ్యం డ్రమ్ములో ఉంది. పదిహేను రోజుల కిందటే నూనె రాసి, పురుగు పట్టకుండా దాచింది నేనే.

భవాని వెనక వాటాకి వెళ్ళి పని మొదలెట్టింది. నేను నీళ్ళకని ఒకసారి, కరివేపాకుకని ఒకసారి, ఏ వంకా లేక ఒకసారి వెళ్ళి చూశాను. దుంపలు తొక్కతోనే ఉడికించింది. చేతులు కాలుతున్నా వేడి మీదే వొలిచి, జల్లెడ మీద రుద్ది, ఆవిరి పోయేదాకా పళ్ళెంలో పరిచింది. పిడికెడు మైదా, గుడ్డులో పచ్చసొన, ఉప్పు. పిసకలేదు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఊరికే దగ్గరికి తీసింది. ముక్కలు కోసి, చెక్క లేదు కాబట్టి ఫోర్కు వెనక మీద దొర్లించింది. రొయ్యల తలకాయలు పారెయ్యకుండా వెల్లుల్లితో వేయించి, నీళ్ళు పోసి మరిగించి వడకట్టి, తొక్క తీసిన నాటు టమాటాలు ఆ నీళ్ళలో మగ్గబెట్టింది. రొయ్యలు ఆఖర్న వేసి, రంగు మారీమారగానే పొయ్యి కట్టేసింది.

"పసుపేది? ధనియాల పొడేది? రెండు నిమిషాలకే దించేసేవు, నీసు వాసన రాదా?" అన్నాను.

"ఇంకా ఉడికితే గట్టిపడిపోతాదక్కా. అత్త నమల్లేదు."

అది నిజం. ఆ నిజం పొద్దున్న నాకెందుకు తట్టలేదా అని ఒళ్ళు మండింది.

అప్పుడు అది దొడ్లోకి వెళ్ళి, పాత పెయింటు బకెట్లో పెంచుతున్న మొక్క నుంచి నాలుగు ఆకులు తెంపుకొచ్చి చిదిమి వేసింది. ఆ మొక్క సంగతి నాకు తెలుసు. ఎండాకాలం షర్బతులో వేసుకునే సబ్జా గింజలు చల్లితే వచ్చింది. చూడ్డానికి అచ్చం తులసిలాగే ఉంటుంది. ఆకులు తొడిగిన రోజే నాకు చూపించి, "హోటల్లో సాసులో ఏసేది దీని సుట్టమేనక్కా. తులసి కాదు, సబ్జా" అని విడమరిచి చెప్పింది. నా చేతే వాసన చూపించింది.

పొద్దు గూకే వేళకి కంచం పట్టుకొచ్చి నాకే ఇవ్వబోయింది. "నువ్వే పెట్టక్కా. పత్యం నీ సేతి మీదే కదా."

తీసుకుంటే ఏం పోయేది? నా గీర. "నువ్వు వండేవు, నువ్వే పెట్టు" అన్నాను. అత్త ఎలాగూ తినదులే, దాని చేతిలోనే తిప్పికొడుతుంది కదా అని లోపల ఒక దిక్కుమాలిన ఆశ.

అత్త తిన్నది. ఒకటి, రెండు, నాలుగు. నోకీ చిగుళ్ళతోనే నలుగుతోంది, సాసు పెదాల అంచున ఎర్రగా అంటుకుంది. కళ్ళు మూసుకుని తిన్నది. తిని,

"ఏటే ఇది? బాగుందే" అంది.

ఇరవై ఏడేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట! భవానికి నాలుగు ముద్దలకే దొరికేసింది. నాకు చెవుల్లోంచి వేడి వచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండా చేశానని అనను. తెలిసే అన్నాను.

"అత్తా, దాన్లో తులసాకు ఏసింది."

అత్త నోరు ఆగిపోయింది. యాభై ఏళ్ళు పొద్దున్నే తులసికి నీళ్ళు పోసిన మనిషి, రొయ్యల్లో తులసా! భవాని గాభరాపడి, "తులసి కాదత్తా, సబ్జా" అంటోంది. అత్త దాని వైపు చూడలేదు. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నోట్లోది చేతిలోకి ఉమ్మేసి, "పెద్దది సెప్పింది కదా. తీసెయ్యి" అని గోడవైపు తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున్న గంజి కూడా ముట్టలేదు. మధ్యాహ్నం కొబ్బరినీళ్ళు రెండు గుక్కలు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, "రేపటికి తినకపోతే అనకాపల్లి తీసుకెళ్ళిపోండి. ముక్కులోంచి గొట్టం వేసి పొయ్యాలి" అన్నాడు. మా ఆయన వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. వెనక వాటాలో హరిబాబు అరుపులు వినబడుతున్నాయి. "నీ హోటలు వంటలు ఎవులు సెయ్యమన్నారే? మా అమ్మ నోట్లో మట్టి కొట్టేవు!"

నేను దొడ్లోకి వెళ్ళేసరికి భవాని ఆ సబ్జా మొక్కని బకెట్లోంచి వేళ్ళతో సహా పీకి పెంట మీద పడేస్తోంది.

"నాదే తప్పక్కా" అంది. "సూడ్డానికి అలగే ఉంటాది కదా, నువ్వు మాత్రం ఏటి సేస్తావు? అత్తకి ముందే సెప్పి ఏసుండాల్సింది."

నేను పొరబడ్డాననుకుంది. తను చెప్పింది నేను మరిచిపోయానని అనుకుంది! అబద్ధమాడి ఉంటానని దాని బుర్రకి తట్టను కూడా లేదు. నా జన్మలో నేను దాని మీద అంత కుళ్ళుకోలేదు. అలాంటి మనసు నాకెందుకు లేదని కుళ్ళు. లోపలికి వచ్చి గడపలో కూలబడ్డాను. నడిమి గదిలోంచి అత్త మూలుగు సన్నగా వినబడుతోంది.

లేచి బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి చెక్క తీశాను. సందు చివర దేముడమ్మ ఇంకా ఉంటే మిగిలిన రొయ్యలు గిద్దెడు తీసుకున్నాను. పెంట మీద వాడిపోతున్న మొక్క నుంచి ఆకులు ఏరుకున్నాను. అన్నీ పట్టుకెళ్ళి భవాని ముందు పెట్టి, "చెదలు పట్టలేదు" అన్నాను.

భవాని చెక్క చేతిలోకి తీసుకుంది. గాడుల్లో రెండు బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి. గోటితో తీసేసింది. లేచి దుంపలు పొయ్యి మీద పెట్టింది.

ఇద్దరం కూర్చున్నాం. పిండి సగం నా వైపు పెట్టింది. గవ్వల పిండి గట్టిగా పిసక్కపోతే నూనెలో విచ్చిపోతుంది, నా చేతులకి తెలిసింది అదే. అరచేత్తో నొక్కి నొక్కి పిసికాను.

"అక్కా, పిసక్కు. దగ్గరికి తియ్యి, సాలు" అని భవాని నా చెయ్యి పట్టుకునేసరికి నా వాటా పిండి సాగుతోంది. అలాగే చెక్క మీద చుట్టాను. చూడ్డానికి మాత్రం నావే ముద్దుగా ఉన్నాయి. అన్నీ ఒక్క సైజు, గీతలన్నీ చక్కగా. దానివి వంకరటింకర.

రెండు రకాలూ ఒకే కంచంలో వేసి, ఈసారి నేనే పట్టుకెళ్ళాను. భవానిని కూడా రమ్మన్నాను. నేను చెప్పబోయేది అది వినాలి.

"అత్తా, లెగు. పత్యం తెచ్చేను."

"ఏటేసేవు దాన్లో?"

"నిన్న ఏసిన ఆకే. అది తులసి కాదు. సబ్జా. నాకు నిన్నే తెలుసు" అన్నాను. భవాని వైపు చూడలేక కంచంలోకి చూస్తూ చెప్పాను. "దాని వంట బాగుందన్నావని కుళ్ళొచ్చి అలగ సెప్పేను. సెక్క కూడా నానే దాసేను."

గుమ్మం దగ్గర గాజులు కదిలిన చప్పుడైంది. అత్త దిండుకి ఆనుకుని, నా మొహంలోకి నిన్న చూసినట్టే చూసింది.

"తెలుసు" అంది.

"ఏటి తెలుసు?"

"యాభై ఏళ్ళు తులసికోట సుట్టూ తిరిగేను. నోట్లో ఎట్టుకున్నాక తులసో కాదో నాకు తెల్దేటే?"

"మరెందుకు ఉమ్మేసేవు? రెండ్రోజులు కడుపు మాడ్సుకుని..."

అత్త ఊపిరి కూడదీసుకుంది. "నీ మాట తీసేసి సిన్నకోడలు ముద్ద మింగేస్తే, రేపు ఈ ఇంట్లో నీ మాట ఎవులు ఇంటారే? ఇరవయ్యేడేళ్ళు నీ సేతి కూడు తిన్నాను. రెండ్రోజులు నీ కోసం మానలేనేటి?"

నా చేతిలో కంచం ఒక పక్కకి ఒరిగిపోయింది. భవాని వచ్చి కింద చెయ్యి పెట్టకపోతే పడిపోయేదే. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఒక్క మాట కోసం కాచుకు కూర్చుంటే, ఈవిడ నా అబద్ధాన్ని నిలబెట్టడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంది.

"ఏడుపు తరవాత. ఆకలేస్తంది, ఎట్టు" అంది అత్త.

పెట్టాను. మొదటిది మింగింది, రెండోదీ మింగింది. మూడోది బుగ్గలో అటూ ఇటూ తిప్పి, తీసి కంచం అంచున పెట్టింది.

"ఇది నీదేటి?"

"ఊఁ."

"గట్టిగున్నాది. దానివి ఏరి ఎట్టు."

అబద్ధమెందుకు, ఆ కళ్ళనీళ్ళ మధ్యలో కూడా నాకు కుళ్ళొచ్చింది. వచ్చినా, భవాని చుట్టిన వంకర నోకీలు ఒక్కొక్కటే ఏరి, సాసులో ముంచి, పక్కన ఒక మెత్తటి రొయ్య ముక్క పెట్టి, అత్త చాలన్నంతవరకూ నా చేత్తోనే పెట్టాను. కంచంలో మిగిలిన గట్టివి అక్కడే కూర్చుని నేను తినేశాను.